లైను బాగానే ఉంది

జూన్ 4

వదినకు,

ఇక్కడ మేము కులాసా. మీరూ కులాసాగానే ఉన్నారనుకుంటున్నాను. అనుకోవడమే గానీ ఆదివారం వీడియోలో ఆ మాట తేలనే లేదు. అందుకే కాగితం తీశాను. మెసేజి పెట్టొచ్చు కదా అంటావు. ఇంత సంగతి బొటనవేలితో కొట్టడం నా వల్ల కాదు. పైగా నువ్వు ఎంత పొడుగు మెసేజికైనా జోడించిన చేతుల బొమ్మ ఒకటి పంపించి చేతులు దులుపుకుంటావు.

సంగతేమిటంటే, వరసగా కొన్ని వారాలుగా అన్నయ్యతో మాట సాగడం లేదు. మొన్న ‘మార్కెట్‌కి టమాటా ఎలా వస్తోంది?’ అని అడిగాను. అన్నయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. నేను హలో హలో అంటూ ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగాను. చివరికి ‘బాగానే’ అన్న ఒక్క ముక్క వచ్చింది. టమాటా గురించి అడిగితే అన్నయ్య ఒక్క ముక్కతో సరిపెట్టడమా! మిగతాదంతా దారిలో పడిపోయి ఉంటుంది.

విచిత్రం ఇంకోటుంది. అన్నయ్య బొమ్మ బిగుసుకుపోయినప్పుడు కూడా వెనక మీ టేబులు ఫ్యాను తల తిప్పుతూనే ఉంది. మా ఆయన్ని అడిగితే, ‘లైను నెమ్మదించినప్పుడు కంపెనీ వాళ్ళు కదిలే వస్తువుని ముందు పంపించి, మనిషిని తర్వాత పంపుతారు’ అని తేల్చేశారు. ఆయనకి తెలియని విషయమంటూ లేదు, రైలు టైము తప్ప.

సరే, ఊరికే తిట్టుకుంటే లాభం లేదని ఒక పద్ధతి ప్రకారం పరీక్ష మొదలుపెట్టాను. ముందు ఇంట్లో నెట్టు తాగే వాటన్నిటినీ ఆపాను. మ్యాచి మధ్యలో టీవీ ఆపేసరికి మా ఆయన ముఖం చూడాలి నువ్వు! స్పీడు పరీక్షకి ఒక పేజీ ఉంది. దాంట్లో బొత్తాం నొక్కితే మూడు అంకెలు వస్తాయి. మొదటిది డౌన్‌లోడు: బయటినుంచి మనింటికి ఎంత జోరుగా వస్తోందో. రెండోది అప్‌లోడు: మన దగ్గరనుంచి బయటికి ఎంత జోరుగా పోతోందో. మూడోది పింగు: మనం వేసిన కేక అవతలి గోడకి తగిలి తిరిగి రావడానికి పట్టే సమయం. మొదటి రెండూ ఎక్కువ ఉండాలి, మూడోది తక్కువ ఉండాలి.

మాది వంద స్పీడు ప్లాను. వంటింట్లో పద్దెనిమిది వచ్చింది. హాల్లో రౌటరు పక్కన నిలబడితే అరవై. పక్కింటావిడ లాప్‌టాప్ అడిగి తెచ్చి రౌటరుకి నేరుగా తీగ తగిలిస్తే తొంభై నాలుగు. అంటే ఇవ్వాల్సింది కంపెనీ వాడు ఇస్తున్నాడు, మధ్యలో గోడలూ ఫ్రిజ్జూ మింగేస్తున్నాయి. రౌటరుని టీవీ వెనకనుంచి తీసి అలమర మీదికి ఎక్కించాను. ఇప్పుడు వంటింట్లో కూడా యాభైకి తగ్గడం లేదు. మా వైపు దారి శుభ్రం. కాబట్టి అడ్డేదో మీ వైపు ఉంది. బహుశా మీ అప్‌లోడులో.

నువ్వూ పరీక్ష చేసి ఆ మూడు అంకెలూ రాయి. నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకో నీకు తెలుసు. ఫోను పెట్టేసే ముందు అన్నయ్య, మార్కెట్‌లో కూరగాయలు వేలం పాడినట్టే, మా ఆయన్ని వేలం వేస్తాడు కదా, ‘వాడిన సరుకు, లోపల పురుగు లేదు, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! పాట గుమాస్తాదే!’ అని. ఆ వేలం విని ఎన్ని వారాలైందో. అది లేకపోతే నాకు ఆదివారం ముగిసినట్టే ఉండదు.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు

జూన్ 13

గుమాస్తా గారి సముఖానికి,

తమరు పంపిన నివేదిక అందింది. చిన్నప్పుడు చింతపిక్కలు లెక్కపెట్టి గుమాస్తా అని పేరు తెచ్చుకున్నావు, ఇప్పుడు గాలిలో వచ్చేదాన్ని కూడా కొలుస్తున్నావు. రేపు మేం తీసే ఊపిరికి కూడా లెక్క అడుగుతావేమో.

పరీక్ష చేశాను. నాలుగు వచ్చింది. ఏది పైకో ఏది కిందకో నాకు తెలియదు, నాలుగు అని రాసుకో. ఈ వీధిలో అందరి లైనూ అంతే. ఎదురింటి టైలరు కూడా అదే గోల. వానొస్తే అసలుండదు. కాబట్టి దీన్ని పట్టుకుని నువ్వు మనసు పాడుచేసుకోకు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను, అక్కడక్కడా దాటేసి. తీగతో తొంభై నాలుగు వచ్చిందన్నది విని ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. ‘చూశావా! నేను చెప్పలా? లైనుదే... లైనుదే తప్పు’ అన్నారు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. నీ లెక్కల వల్ల ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో జరిగిన మేలు ఇదే.

కొన్నాళ్ళుగా ఆయన మార్కెట్‌కి వెళ్ళడం లేదు. గొంతు పట్టేసింది. జీవితమంతా బుట్టలమీద ఎక్కి అరిచిన గొంతు, దానికీ కాస్త సెలవు కావాలి కదా. ఇంట్లో ఉంటే నా ప్రాణం తీస్తారనుకున్నాను గానీ, అంత అల్లరేమీ చేయడం లేదు. కిటికీ దగ్గర కూర్చుంటున్నారు.

ఒక రెండు మూడు ఆదివారాలు ఫోను వద్దులే. లైను కుదుటపడ్డాక నేనే చెబుతాను. మీవారిని అడిగానని చెప్పు. పురుగు లేదు కదా ఇంకా?

వదిన

జూన్ 21

వదినకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నవ్వు వచ్చింది గానీ తృప్తి కలగలేదు.

నాలుగు అన్నావు. మీది యాభై ప్లాను! యాభై ఇస్తామని నాలుగు ఇస్తుంటే వీధంతా నోరు మూసుకుని ఎలా కూర్చున్నారు? బజార్లో ఎవడైనా యాభై కాయలని చెప్పి నాలుగు చేతిలో పెడితే అన్నయ్య ఊరుకుంటాడా? కానీ అసలు విషయం అది కాదు. నేను ఇంకా కనుక్కున్నాను. ఇద్దరు మనుషులు ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవడానికి నాలుగున్నా చాలట. మాట అనేది అంత తేలిక సరుకు. సినిమాకి బండి కావాలి గానీ మాటకి సంచి చాలు. కాబట్టి నాలుగే వస్తున్నా అన్నయ్య మాట ఆగకూడదు. ఆగుతోందంటే జబ్బు స్పీడులో లేదు, పింగులో ఉంది. కేక వేస్తే తిరిగి రావడం లేదన్నమాట. దాన్ని లైనుమీద పనిచేసే మనిషి వచ్చి చూడాల్సిందే.

నువ్వు చేయవని తెలుసు. అందుకే నేనే కంపెనీకి ఫోను చేశాను. మీ కనెక్షను నంబరు నా దగ్గర ఉంది కదా, అన్నయ్య పేరు మీదే ఫిర్యాదు పెట్టాను. మొదట ఒక అమ్మాయి ‘రౌటరు ఆపి మళ్ళీ వేయండి’ అంది. అది అందరికీ చెప్పే మాట, నాకు కాదు అన్నాను. తర్వాత ఇంకొకాయన లైన్లోకి వచ్చాడు. మా ఇంట్లో ఏ గదిలో ఎంత, తీగతో ఎంత, తీగ లేకుండా ఎంత, అన్నీ వరసగా చెప్పేసరికి ‘మీరు ఏ బ్రాంచిలో పనిచేస్తున్నారు మేడం?’ అని అడిగాడు. వంటింటి బ్రాంచిలో అన్నాను. మనిషిని పంపిస్తానన్నాడు.

అతను వచ్చినప్పుడు అన్నయ్యని పక్కనే కూర్చోబెట్టు. పరీక్ష అన్నయ్య ఎదురుగానే చేయించు. తన కళ్ళతో చూస్తే తప్పు ఎవరిదో తేలిపోతుంది, మనసు తేలికపడుతుంది.

ఇంకొక్క మాట. ఇది అడగాలా వద్దా అని కూర గిన్నె దించే దాకా ఆలోచించాను. రెండు మూడు ఆదివారాలు ఫోను వద్దని నువ్వు అన్నావా, అన్నయ్య అన్నాడా? నేను ప్రతివారం అవే ప్రశ్నలు అడుగుతానని విసుగొచ్చిందా? ముందటి వారం నేను ‘తొందరగా చెప్పు అన్నయ్యా, ఫోను ఛార్జింగు అయిపోతోంది’ అన్నాను. అప్పుడే ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అది కూడా లైను ఆగడమే అనుకున్నాను. కోపం వచ్చిందేమో. వస్తే తిట్టమను. అన్నయ్య తిట్లు నాకు కొత్త కాదు. తిట్టకుండా ఉండటమే కొత్త.

నీ ఆడపడుచు

జూలై 5

అమ్మాయ్,

ఈసారి గుమాస్తా అని రాయడానికి చెయ్యి రాలేదు.

నువ్వు పంపిన మనిషి వచ్చాడు. మంచివాడే, గొంతే పెద్దది. గుమ్మంలోంచే ‘ఎవరండీ కంప్లైంటు? మీ వీధిలో లైన్లన్నీ కొత్తవేగా!’ అంటూ వచ్చాడు. మీ అన్నయ్య చొక్కా మార్చుకుని కూర్చున్నారు. నువ్వు చెప్పావని నేను చెప్పలేదు. బండి చప్పుడు విని ఆయనే వచ్చి కూర్చున్నారు, సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాడిలా.

‘మాట... ఆగుతోంది. మాట ఆగి... ఆగి వస్తోంది’ అన్నారు.

‘ఆగదు సార్. ఇదిగో చూడండి.’ అతను తన లాప్‌టాప్‌కి తీగ తగిలించాడు. ‘యాభైకి నలభై తొమ్మిది. పైకీ అంతే. పింగు చూడండి, ఎనిమిది! ఇంతకంటే మంచి లైను నేనివాళ ఎక్కడా చూడలేదు.’

‘కాదు. నువ్వు... ఫోను. ఫోనులో చూడు.’

‘ఫోనులోనూ చూద్దాం సార్, దానికేం’ అని తన ఆఫీసులో ఉన్న స్నేహితుడికి వీడియో చేశాడు. వాళ్ళిద్దరూ టీ గురించీ, ఎవరిదో పెళ్ళి గురించీ గలగలా మాట్లాడుకున్నారు. ఒక్క ముక్క ఆగలేదు. ‘ఇదిగో, మీరూ మాట్లాడండి సార్’ అని ఫోను ఆయన చేతిలో పెట్టాడు.

మీ అన్నయ్య నోరు తెరిచారు.

అవతలి అబ్బాయి ‘ఒరేయ్, సార్ బొమ్మ ఆగిపోయిందిరా’ అన్నాడు.

లైనతను ఫోనులోకి చూశాడు. తర్వాత తలెత్తి మనిషి వైపు చూశాడు. ఫోను మెల్లగా తీసుకుని ఆపేశాడు. తీగలు చుట్టుకున్నాడు. పని అయినట్టు ఒక కాగితం మీద సంతకం కావాలి కదా, ఎవరిని అడగాలో తెలియక నా వైపు చాచాడు. మీ అన్నయ్య చెయ్యి జాపి తీసుకున్నారు. ‘లైను బాగానే ఉంది’ అని రాసి ఉన్న చోట కింద సంతకం పెట్టారు.

ఇక దాచి ఏం లాభం? ఆయన గొంతుకేమీ కాలేదు. చలికాలంలోనే మొదలైంది. మొదట్లో పేర్లు పోయేవి. వయసు కదా అని నవ్వుకున్నాం. ఒకనాడు మార్కెట్‌లో ఉల్లిపాయల బస్తాల మీద నిలబడి వేలం పాట మొదలుపెట్టారు, ఉల్లి అన్న మాట దొరకలేదట. చేతిలో ఉల్లిపాయ పట్టుకుని నిలబడ్డారట. కొనేవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత నవ్వలేదు. మర్నాడు ఇంకొకతన్ని ఎక్కించారు. డాక్టరు బుర్ర ఫొటో తీయించి చూపించాడు. మాటలుండే చోటు కొద్దికొద్దిగా ఎండిపోతోందట. తగ్గించడానికి మందు లేదట. మనిషి ఉంటాడు, తింటాడు, నడుస్తాడు. మాట ఒక్కటే వెళ్ళిపోతుంది.

నేను ఏ పరీక్షా చేయలేదు. నాలుగు అన్నది నా నోటికొచ్చిన అంకె. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ‘దానికి నేను... మామూలుగానే’ అన్నారు. ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది, నాకు అర్థమైంది. ఆయనకి సంగతి తెలియదనుకోకు, అన్నీ తెలుసు. తెలిసే, ఎదురుగా లైను అనే గోడ ఒకటి పెట్టుకుని దాని వెనక నిలబడ్డారు. నీ ముందు మటుకు ఇంకా మాటల మిల్లుగానే ఉన్నారు, మధ్యలో దారి బాగాలేదంతే. నువ్వు ఆ గోడ పడగొట్టావు. మంచికే చేశావు, నాకు తెలుసు. నీ కొలతలన్నీ సరైనవే. ఇంతకుముందైతే నీతో పోట్లాడేదాన్ని. ఇప్పుడు ఓపిక లేదు.

ఫోను బోర్లించి ఉంచుతున్నారు. మోగినా తీయడం లేదు. నువ్వు చేయకు.

వదిన

జూలై 14

వదినా,

ఫ్యాను తిరుగుతూనే ఉంది కదా. నేనే నీకు రాశాను. మనిషి ఆగిపోయి ఫ్యాను తిరుగుతోందని నా కళ్ళతో చూసి, నా చేత్తో రాసి, కవరులో పెట్టి అంటించాను. బియ్యంలో రాయి కనపడితే వదలనిదాన్ని. తీగ కొలిచాను, గోడ కొలిచాను, ఫ్రిజ్జుని అనుమానించాను. అన్నయ్య ముఖం వైపు మాత్రం చూడలేదు. చూడాల్సింది లేదనుకున్నాను.

ఇంక పరీక్షలు చేయను. కానీ పాడైనదాన్ని చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు, అది నీకూ తెలుసు. బాగుచేయడానికి దారి లేదన్నావు. అయితే పాడుచేయడానికి ఉంది.

విను. నిన్న కంపెనీకి ఫోను చేసి మా వంద ప్లాను తీసేయించాను. అన్నిటికంటే కింద ఉన్నది ఇవ్వమన్నాను. ఆ అమ్మాయి ‘అది చాలా నెమ్మది మేడం, వీడియో ఆగిపోతుంది’ అంది. అదే కావాలన్నాను. రౌటరుని ఇనుప అలమర లోపల దుప్పట్ల మధ్య పెట్టి తలుపు మూశాను. ఆదివారం ఫోను చేసే వేళకి పెద్ద సినిమా ఏదైనా దింపుకోమని మా ఆయనకి చెప్పాను. మొదట నవ్వారు. నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి, వెళ్ళి అలమర తలుపు సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చారు.

ఇప్పుడు వంటింట్లో పరీక్ష చేస్తే ఒకటి కూడా రావడం లేదు. బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోతోంది. ఇది అబద్ధం కాదు, వదినా. నిజంగానే మా లైను చచ్చింది.

అన్నయ్యతో చెప్పు. తప్పు మీ వైపు కాదట, మొదటినుంచీ గుమాస్తా వైపేనట, పొదుపు చేసి చేసి నెట్టు కూడా పలచన చేసుకుందట అని చెప్పు. నీకు నచ్చినట్టు వెక్కిరించి చెప్పు. తనకి వినపడాల్సింది ఒక్కటే: నాకు మాట ఆలస్యంగా అందుతోంది, మధ్యలో తెగుతోంది, అది మా ఇంటి జబ్బు.

నమ్ముతాడని కాదు. నమ్మినట్టు కూర్చోవడానికి ఒక కుర్చీ వేస్తున్నానంతే.

నీ ఆడపడుచు

జూలై 25

గుమాస్తా,

చెప్పాను. నువ్వు రాసినట్టే చెప్పాను, కాస్త ఉప్పూ కారం వేసి.

చాలాసేపు నా వైపు చూశారు. అలమర లోపల దుప్పట్ల సంగతి చెప్పలేదు గానీ, ఆయనకి అందిపోయిందని నాకు అనిపించింది. చెల్లెలి బుద్ధి తెలియనిది ఎవరికి? పెదవి ఒక పక్కకి లాగి, ‘పి... పిసి...’ అన్నారు. పిసినారి అని పూర్తి కాలేదు. కానీ నవ్వారు.

ఇవాళ పొద్దున ఫోను బోర్లా లేదు.

గడ్డం గీసుకోవడం తనంతట తాను చేయగలుగుతున్నారు ఇంకా. మాటలు మాత్రం గబగబా వెళ్ళిపోతున్నాయి. నిన్న నన్ను పిలవడానికి గ్లాసుతో బల్ల మీద కొట్టారు. ‘ఏమే’ అన్నది కూడా పోయిందన్నమాట. ఇన్నేళ్ళు ఆ పిలుపంటే ఒళ్ళు మండేది.

వచ్చే ఆదివారం చెయ్యి. నేను గదిలో ఉండను. నేను ఎదురుగా ఉంటే మాట అందివ్వబోతాను, అది ఆయనకి గిట్టదు. తలుపు అవతల ఉంటాను.

వదిన

ఆగస్టు 3

వదినా,

ఆదివారం జరిగింది నువ్వు తలుపు అవతలినుంచి ఎంత విన్నావో తెలియదు. నా వైపు ఎలా ఉందో రాస్తాను.

అన్నయ్య నీలం చొక్కా వేసుకున్నాడు. బొమ్మ గళ్ళుగళ్ళుగా వచ్చింది గానీ నీలం తెలిసింది. ‘అన్నయ్యా, మా లైను చచ్చింది, నీ మాట నాకు ఎప్పటికో వస్తోంది, మెల్లగా చెప్పు’ అన్నాను. మెల్లగా చెప్పాడు. ‘తిన్నావా’ అన్నాడు. తిన్నానన్నాను. చాలాసేపటికి మళ్ళీ ‘తిన్నావా’ అన్నాడు. ‘అన్నయ్యా, అదే మాట మళ్ళీ వస్తోంది, చూశావా మా లైను!’ అన్నాను. తల ఊపాడు, పాపం నీకు ఎంత కష్టం వచ్చిందే అన్నట్టుగా.

అంతలో మా ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు. అన్నయ్య కళ్ళు ఆయన మీద పడ్డాయి. వేలెత్తి చూపించాడు. నాకు అర్థమైంది. ‘వేలం వెయ్యి అన్నయ్యా, వాడిన సరుకు’ అన్నాను. మా ఆయన బుట్టలో సరుకులా చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డారు.

అన్నయ్య వీపు నిటారుగా చేశాడు. మార్కెట్‌లో బుట్టల మీద నిలబడ్డప్పుడు ఎలా ఉండేవాడో అలా. ఒక వేలు ఎత్తి ‘ఒకటోసారి’ అన్నాడు. గట్టిగా అన్నాడు. నువ్వూ వినే ఉంటావు.

ఎంతసేపో నిశ్శబ్దం. నేను హలో అనలేదు.

రెండో వేలు లేచింది. ‘రెండోసారి.’

మూడో వేలు లేచింది. నోరు తెరుచుకుంది. అక్కడ బొమ్మ ఆగిపోయింది.

నేను ఫ్యాను వైపు చూశాను. ఫ్యాను కూడా ఆగిపోయి ఉంది.

అంటే ఈసారి ఆగింది అన్నయ్య కాదు. లైనే. మాట అన్నయ్య దగ్గరనుంచి బయల్దేరి ఉంటే, ఇంతదూరం వచ్చి మా ఇంట్లోనే, దుప్పట్ల మధ్య ఆగిపోయింది. ఆ తలుపు వేసింది నేను. పరిగెత్తి వెళ్ళి తీశాను. మా ఆయన సినిమా ఆపేశారు. బొమ్మ కదిలేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. వెనక ఫ్యాను తల తిప్పుతోంది.

‘పాట నాదే అన్నయ్యా’ అన్నాను. కుర్చీతోనే అన్నాను. చెప్పి లేచి వెళ్ళాడో, చెప్పలేక లేచి వెళ్ళాడో, నా మాట ఏ గదిలోనైనా వినపడిందో లేదో తెలియదు.

ఆ తర్వాత ఫోను మళ్ళీ బోర్లా పడి ఉందని నీ మెసేజి చూశాను. ఈసారి చేతుల బొమ్మ కూడా పెట్టలేదు నువ్వు.

రౌటరుని బయటికి తీయలేదు. అక్కడే ఉండనీ. తనకి మళ్ళీ ఎప్పుడైనా బుద్ధి పుడితే, లైను బాగాలేదని చెప్పడానికి ఉండాలి కదా. పుట్టదని నాకు తెలుసు. నీకూ తెలుసు.

తలుపు అవతల నీకు అంతా వినపడే ఉంటుంది. మూడోసారి అన్నాడో లేదో నాకు రాయకు.

గుమాస్తా